మీరొచ్చేసరికి కంప్యూటర్ ఉరకాలని

మొన్న ఫోన్లో అడిగావు కదా చిన్నదానా, "అమ్మమ్మా, మీ ఇంట్లో వాన పడుతుందా? ఆ సప్పుడేంది?" అని. వాన కాదు బిడ్డా. సిద్దిపేటలో చినుకు రాలి చాలా రోజులైంది. అది కొత్త కంప్యూటర్ లోపలి ఫ్యాను. దానికి పని ఎక్కువ పెడితే అట్లా మోగుతుంది. నేను చెప్పేలోపే ఫోన్ నీ చేతిలోంచి అన్న చేతికి, అన్న చేతిలోంచి అమ్మ చేతికి పోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పుణెలో మీకు తెలుగు చదవడం నేర్పేవాళ్ళు లేరని నాకు తెలుసు. మీ అమ్మకు వీలైనప్పుడు చదివి వినిపించమనండి.

పోయిన ఎండాకాలం మీరొచ్చినప్పుడు మన ఇంట్లో ఉన్నది మీ అమ్మ కాలేజీ రోజుల నాటి కంప్యూటర్. పెద్దోడా, నువ్వు దాంట్లో కార్లాట ఎక్కించావు. కారు కొంచెం కదిలేది, ఆగేది, ఆలోచించుకున్నట్టు నిలబడి మళ్ళీ కొంచెం కదిలేది. నువ్వు చాలాసేపు ఓపిక పట్టావు. నేను పక్కనే కూర్చుని చూస్తూనే ఉన్నాను. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి అన్నావు.

"అమ్మమ్మా, నీ కంప్యూటర్ మస్తు స్లో. బోర్ కొడుతుంది."

ఆ మరునాడే మీ అమ్మ టికెట్లు మార్చింది. నెలాఖరు దాకా ఉంటామని వచ్చినవాళ్ళు మధ్యలోనే బ్యాగులు సర్దుకున్నారు. మీ కోసం గడ్డిలో మాగబెట్టిన మామిడిపండ్లు అప్పటికి ఇంకా పూర్తిగా పండలేదు. మీరు పోయాక పండాయి. వాడకట్టులో పంచిపెట్టాను.

ఇల్లు ఎందుకు ఖాళీ అయిందో నాకు ఒక్క కారణమే దొరికింది. కంప్యూటర్ స్లో. సరే, అదైతే బాగు చేసుకోవచ్చు అనుకున్నాను.

బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం భాయ్ మీకు గుర్తుండడు. ఆయన బిడ్డల పెండ్లి బట్టలన్నీ నేనే కుట్టాను. కళ్ళు సరిగా కనిపించక కుట్టు మానేశాను గానీ ఆయన ఇంకా నన్ను చూస్తే లేచి కుర్చీ వేస్తాడు.

"భాయ్, పిల్లలు ఆడుకునే కంప్యూటర్ కావాలె," అన్నాను.

"ఏం ఆటలమ్మా? పత్తాలా?"

"పత్తాలు నాకొచ్చు, పేకాటకు కంప్యూటరెందుకు? కార్లాట. కారు ఏడ ఆగొద్దు."

"ఆగకుంటె ఎట్లమ్మా? బ్రేకులుండయా?"

నవ్వినా సరే, మనసు పెట్టి తయారుచేశాడు. ఒక్కొక్క భాగం తెప్పించి, నా కళ్ళ ముందే బిగించి, ఆటోలో ఇంటికి తెచ్చి పెట్టాడు. పెట్టి, మంచినీళ్ళు తాగుతూ ఇల్లంతా ఒకసారి చూశాడు. మన ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా అట్లాగే ఉంది కదా. టీవీ రిమోట్ కవరులో ఉంది. గ్రైండరుకు నేను కుట్టిన కుచ్చుల ముసుగు ఉంది. మీరు పడుకోవడానికి కొన్న పరుపు కూడా దుకాణం నుంచి వచ్చిన ప్లాస్టిక్‌లోనే ఉంది. మీరు దాని మీద పడుకున్నప్పుడు అటు ఇటు కదిలితే గరగరమనేది.

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు భాయ్. "దీనికి మాత్రం ముసుగు కుట్టకున్రి."

"దుమ్ము పడదా?"

"దుమ్ము పడితె తుడుసుకోవచ్చు. గాలి ఆడకుంటె ఇది ఆగమైతది."

అప్పటికే పూల బట్ట కొలిచి కత్తిరించి ఉంచాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ బట్టతో తర్వాత రెండు దిండు గలీబులు కుట్టుకున్నాను.

ఆ సాయంత్రం వీడియో కాల్లో మీకు కంప్యూటర్ చూపించాను. పెద్దోడా, నువ్వు ఏదో తింటూ చూశావు.

"నైస్ అమ్మమ్మా. ప్రాసెసర్ స్టాక్ స్పీడేనా? ఓవర్‌క్లాక్ చేయలేదా?"

"అంటే ఏంది బిడ్డా?"

"కంపెనీవాళ్ళు పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడుతో నడిపించుడు. సరే అమ్మమ్మా, నాకు ట్యూషన్ ఉంది, బై."

నువ్వు ఆ మాట ఊరికే అని ఉంటావు. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాన్నే నోట్లో తిప్పుకున్నాను. పొద్దున్నే భాయ్ దగ్గరికి పోయాను.

"ఓవర్‌క్లాక్ చెయ్యాలె భాయ్."

"యా అల్లా! మీకెవరు చెప్పిన్రమ్మా గది?"

"మనుమడు అడిగిండు."

"పిల్లగాడు అడుగుతడు. కాలితె కాలేది మీ ప్రాసెసర్."

నేను కదల్లేదు. ఆయన గల్లా మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

"మీ కుట్టు మిషన్ మోటరు ఒక్కపారి జోరుగ తిప్పితె ఏమైతది?"

"దారం తెగుతది. సూది వేడెక్కుతది. బట్ట ముడుసుకపోతది."

"గిది గూడ గంతే."

అట్లా చెప్పాక నాకు భయం పోయింది. మిషన్‌కు వేగం ఎట్లా పెంచాలో ఎంతమంది ఆడపిల్లలకు నేర్పలేదు నేను? కొంచెం పెంచాలి, ఒక గుడ్డ పీలిక మీద కుట్టి చూడాలి, కుట్టు సాఫీగా ఉంటేనే ఇంకొంచెం పెంచాలి. భాయ్ చెప్పిన పద్ధతి కూడా అదే. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చాక పరీక్ష పెట్టాలి. వేడి ఎంతకు పోతుందో చూడాలి. తేడా వస్తే వెనక్కి రావాలి. వోల్టేజి మాత్రం తనను అడగకుండా ముట్టుకోవద్దన్నాడు. వేగం పెంచనిచ్చే రకం ప్రాసెసర్లు కొన్నే ఉంటాయట, అదృష్టం బాగుండి ఆయన పెట్టింది ఆ రకమే. కానీ దాంతో వచ్చిన చిన్న ఫ్యాను ఆ వేడికి సరిపోదు, పెద్దది హైదరాబాద్ నుంచి తెప్పించాలి అన్నాడు.

పెద్ద ఫ్యాను పార్శిల్ వచ్చేసరికి భాయ్ దుకాణం మూసి చుట్టాల పెండ్లికి పోయాడు. ఆగవచ్చు. ఆగమనే చెప్పి పోయాడు కూడా. కానీ మీ బడులకు సెలవులిచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. ఫోన్లో వీడియోలు చూశాను. ఒకటికి నాలుగు సార్లు చూశాను. కరెంటు తీసేసి, ప్లగ్గు ఊడదీసి, ఒంట్లో ఉండే కరెంటు పోవాలని కిటికీ ఇనుప చువ్వను ముట్టుకుని కూర్చున్నాను. పాత ఫ్యాను విప్పాను. ప్రాసెసర్ మీద ఎండిన పేస్టును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. కొత్త పేస్టు శనగగింజంత పెట్టాను. ఆ పేస్టు ఎందుకంటే, ప్రాసెసర్ వేడి ఫ్యాను అడుగునున్న లోహపు బిళ్ళలోకి సరిగా పోవడానికి. మరలు కూడా ఒకటి పూర్తిగా బిగించి ఇంకోటి కాకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చాను.

ఆ లోహపు బిళ్ళ అద్దంలా మెరుస్తుంది బిడ్డా. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. ఇంగ్లీషులో ఏవో సన్నటి అక్షరాలు ఉన్నాయి, నా కళ్ళకు ఆనలేదు. పొర అయితే చూశాను. చూసే ఉంచాను. కొత్త వస్తువు మీది పొర పీకితే ఆ రోజు నుంచే అది పాతబడుతుందని మన ఇండ్లల్లో అందరి లెక్క. మీరొచ్చి చూసినప్పుడు లోపలంతా కొత్తగా మెరవాలి కదా అనుకున్నాను.

స్విచ్ వేశాను. తెర మీద వేడి ఎంతో చూపించే అంకె ఉంటుంది. అది డెబ్బై అయింది, ఎనభై అయింది, నేను కళ్ళద్దాలు సర్దుకునేలోపు తొంభై దాటింది. ఇంకా నేను వేగం ఏమీ పెంచనేలేదు. ఫ్యాను ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ వెంటనే అంతా ఆగిపోయింది. తెర నల్లబడింది.

మంచం మీద కూర్చుండిపోయాను. కాలిపోయింది అనుకున్నాను. మీరొస్తే ఏం చూపించాలి? మీ అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, మీటింగ్‌ల ఉన్న. అర్జెంటా?"

"ఏం లేదు బిడ్డా. పని చేసుకో."

"తర్వాత చేస్త," అన్నది. ఆ రోజు చేయలేదు. దానికి నిజంగానే పని ఎక్కువ, ఆ సంగతి నాకు తెలుసు.

ఇంక భాయ్‌కే చేశాను. వెనకాల బ్యాండు మోగుతుంది.

"భాయ్, కంప్యూటర్ సచ్చిపోయింది."

"సావదమ్మా. ఏం చేసిన్రు?"

"పెద్ద ఫ్యాను పెట్టిన."

"నేనొచ్చేదాంక ఆగుమన్న కదా! పేస్టు పెట్టిన్రా?"

"పెట్టిన."

"ఫ్యాను తిరుగుతుందా?"

"బాగ తిరిగింది."

బ్యాండు మోత కొంచెం దూరమైంది, ఆయన లేచి పక్కకు వచ్చినట్టున్నాడు. "అమ్మా, నిజం చెప్పున్రి. ఫ్యాను అడుగున పల్సటి కవరుంటది. తీసిన్రా?"

"కవరా?" అన్నాను.

"తీయలె," అన్నాడు. "మీ ఫ్రిజ్ సూసిన నాడే నాకు అనుమానమొచ్చింది. అమ్మా, అటు పేస్టు, ఇటు ఫ్యాను, నడిమిట్ల ప్లాస్టిక్! వేడి ఎట్ల పోతది? రెయిన్ కోటేసుకోని తానం చేసినట్టు!"

"కాలిపోయిందా భాయ్?"

"ఏం కాలే. వేడి మితిమీరితె అదే బందైతది. గా మాత్రం తెలివి ఉంటది దానికి. చల్లారనియ్యున్రి, కవరు తీయున్రి, పేస్టు తుడిసి కొత్తది పెట్టున్రి. పనిల పని, ఫ్రిజ్‌ది గూడ పీకున్రి."

"ఫ్రిజ్ జోలికి రాకు నువ్వు."

"సరే సరే. బిర్యాని సల్లారుతుంది, ఉంట అమ్మా."

పొర పీకాను. మంచి చీర కొంగు చిరిగినట్టు చిన్న సప్పుడు వచ్చింది. మళ్ళీ అంతా బిగించి స్విచ్ వేస్తే అంకె నలభై దగ్గర నిలబడింది. అప్పుడు గానీ నాకు ఆకలి గుర్తుకు రాలేదు.

అక్కడి నుంచి అసలు పని. ముందు కంపెనీ వేగంతోనే పరీక్ష పెట్టి, వేడి ఎంతకు పోతుందో చూసి పెట్టుకున్నాను, తర్వాత పోల్చుకోవడానికి. ఆ పరీక్ష చేసే ప్రోగ్రామ్ ప్రాసెసర్‌కు ఊపిరి సలపనంత పని పెడుతుంది. నేను పరీక్షలన్నీ మిట్టమధ్యాహ్నమే పెట్టాను, గదిలో కూలర్ కూడా బంద్ చేసి. మీరొచ్చేది ఎండల్లోనే కదా. చల్లటి పొద్దుట బాగా నడిచిందని సంబరపడితే మధ్యాహ్నం మీ ఆట మధ్యలో ఆగవచ్చు. కరెంటు పోయినా ఆగకుండా భాయ్ ముందే యూపీఎస్ పెట్టాడు.

కంప్యూటర్ లేచేటప్పుడు డిలీట్ మీట నొక్కుతూ ఉంటే, మామూలుగా కనిపించని సెట్టింగుల పేజీ ఒకటి తెరుచుకుంటుంది. దాన్ని బయాస్ అంటారు. అందులో ప్రాసెసర్ వేగం నిర్ణయించే అంకె ఉంటుంది. దాన్ని ఒకటంటే ఒకటే పెంచాలి. భద్రం చేసి బయటికి రావాలి. మళ్ళీ పరీక్ష. వేడి ఎనభై ఐదు దాటకూడదని భాయ్ గీత గీశాడు. దాటకపోతే ఇంకో మెట్టు, ఇంకో రోజు.

ఆ మధ్యాహ్నాలు ఎట్లా గడిచాయో చెబుతాను వినండి. పరీక్ష నడుస్తున్నప్పుడు వదిలిపెట్టి పోకూడదు కాబట్టి చిక్కుడుకాయలు ఒడిలో వేసుకుని దాని పక్కనే ఈనెలు తీసేదాన్ని. ఫ్యాను మోగుతూ ఉంటే పక్క గదిలో ఎవరో మిషన్ కుడుతున్నట్టు ఉండేది. "ఇంకొంచెం ఓర్చుకో," అనేదాన్ని దానితో. పరీక్ష అయిపోగానే ఫ్యాను నెమ్మదించేది, గోడ గడియారం టిక్కుటిక్కుమని వినపడేది. ఆ గడియారం సప్పుడు నాకు గిట్టదు. కొన్ని రోజులు అవసరం లేకున్నా పరీక్ష ఇంకోసారి పెట్టాను.

ఒక రోజు ఒక మెట్టు పెంచగానే పరీక్ష మధ్యలో తెర నీలంగా మారి, దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది. భాయ్ అప్పటికి తిరిగొచ్చాడు. ఇంటికి వచ్చి చూశాడు.

"ఇగ దీనికి రెండు తొవ్వలమ్మా. ఒక మెట్టు ఎనకకు రావాలె, లేకుంటె వోల్టేజి జర పెంచాలె."

"పెంచి సూద్దాం."

ఆయన పక్కన నిలబడి చెబితే రవ్వంత పెంచాను. కంప్యూటర్ ఆగకుండా నడిచింది, కానీ వేడి గీత దగ్గరికి పోయి అక్కడే తచ్చాడింది. నేను ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. వోల్టేజి మొదట ఎంతుందో అంతకే దించేసి, వేగం ఒక మెట్టు వెనక్కి తెచ్చాను.

"అయ్యో, ఎందుకమ్మా? గీత దాటలేదు కదా," అన్నాడు భాయ్.

"దాటలే. కానీ పిల్లలు ఆడేటప్పుడు ఆగొద్దు భాయ్. జర వేగం తక్కువైనా ఏం కాదు."

ఆయన ఏమనుకున్నాడో, "పిల్లలు ఎప్పుడొస్తున్నరమ్మా?" అని అడిగాడు. చాయ్ పెడతానని లోపలికి వచ్చేశాను.

ఆ వేగం మీద పొద్దుటి నుంచి పొద్దు గూకే దాకా పరీక్ష నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. వేడి డెబ్బై ఎనిమిది దాటలేదు. అంత పెద్ద పని అయ్యాక ఎవరికైనా చెప్పుకోవాలని ఉంటుంది కదా. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోమటి చెరువు కట్ట మీదికి పోయాను. అక్కడ సాయంత్రం పూట అందరూ పిల్లలతో వస్తారు. ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఆమెతో, "మా ఇంట్ల కంప్యూటర్ ఓవర్‌క్లాక్ చేసిన, మంచిగ నడుస్తుంది," అన్నాను. "మంచిదే కదమ్మా," అని పొట్లం కట్టి చేతికిచ్చింది. "పిల్లలకు గూడ కట్టనా?" అన్నది. కట్టమన్నాను.

మరునాడు నీ కార్లాట నేనే ఎక్కించుకున్నాను పెద్దోడా. నాకు నడపడం ఎక్కడ వస్తుంది, పోయి పోయి గోడకు గుద్దాను. కానీ గోడ దాకా ఎక్కడా ఆగకుండా పోయింది.

అందుకే మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు అంత సంతోషంగా ఉన్నాను. వెనకాల పరీక్ష నడుస్తూనే ఉంది. ముందు చిన్నది మాట్లాడింది, తర్వాత నువ్వు తీసుకున్నావు. ఓవర్‌క్లాక్ చేశానని నీకు చెప్పాను.

"అమ్మమ్మా, ఓవర్‌క్లాక్ నువ్వే చేసినవా? నిజంగా?"

"నేనే చేసిన బిడ్డా."

"టెంపరేచర్ ఎంత పోతుంది?"

"మిట్టమధ్యాహ్నం, కూలర్ బంద్ పెట్టి, డెబ్బై ఎనిమిది."

"వోల్టేజ్ ఏమన్న పెంచినవా?"

"పెంచి సూసిన. వేడెక్కింది. మళ్ళ దించిన."

"అమ్మమ్మా, నువ్వు వేరే లెవెల్!"

నీతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అన్నం తిన్నవా, చదువుకున్నవా అని నేను అడగడం, ఊఁ అని నువ్వు అనడం కాకుండా, నువ్వు అడిగితే నేను చెప్పాను. పొర సంగతి చెబితే ఫోన్ పట్టుకుని పడి పడి నవ్వావు. నేను కూడా నవ్వాను.

"మరి ఎప్పుడొస్తరు బిడ్డా?" అన్నాను.

"అమ్మనడుగు అమ్మమ్మా. ఈసారి ఏదో క్యాంప్ ఉందంటున్నరు."

మీ అమ్మ ఫోన్ తీసుకుని, "సూద్దాం అమ్మా, ఇంక లీవు సంగతి తేలలె," అన్నది. దాని గొంతు అలసిపోయి ఉంది. నేను సరే అన్నాను. "మళ్ళ ఒకసారి పెద్దోనికియ్యి," అన్నాను. ఇచ్చింది.

నేనొక మాట అడిగాను నిన్ను. అడుగుతుండగానే నువ్వు, "ఫ్రెండ్ కాల్ వస్తుంది అమ్మమ్మా, తర్వాత చేస్త," అన్నావు. నా మాట నీ చెవిన పడిందో లేదో కూడా నాకు తెలియదు. కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడా ఆగదు, మంచిగా ఉరుకుతుంది. కానీ నేను అసలు బాగుచేయవలసింది దాన్నేనా కాదా అనేది నువ్వు చెబితేనే తెలుస్తుంది. ఇంకోసారి ఫోన్ చేసి అడుగుదామంటే నాకు నోరు రావడం లేదు. అందుకే ఆ రోజు అడిగింది అడిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

"పెద్దోడా, పోయినసారి మీరు ముందుగాల ఎల్లిపోయింది కంప్యూటర్ స్లో ఉన్నదనేనా, లేక పొద్దాక నేను మీ ఎనకెనకనే తిరిగినందుకా?"